పసిబిడ్డకు సగం మాత్ర

ఆ మధ్య మేము ధ్వనిముద్రణకై ఎమ్మిగనూరు మగ్గాల వీధికి వెళ్ళినప్పుడు ఒక తల్లి మమ్ములను ఒక ప్రశ్న అడిగినది. ఏడాది నిండని బిడ్డకు జలుబు చేస్తే, అవ్వకు తెచ్చిన జలుబు మాత్రను విరిచి, నీళ్ళలో అరగదీసి పోసినదట. బిడ్డ గాఢంగా నిద్రపోయినది. ఆమె మగ్గం దగ్గరకు పోయినది. "సగమే గదా సార్ యిచ్చింది, సగానికేమైతాది?" అన్నది. అప్పుడు మేము సరిగా జవాబు చెప్పలేకపోయినాము.

ఆమెను తప్పుపట్టడం సులభం. కాని ఎమ్మిగనూరులో మగ్గం దిగినా, ఆదోనిలో పత్తిపని మానినా ఆ దినపు కూలి పోయినట్లే. మందుల అంగడి దగ్గర, ఆసుపత్రి దూరం.

అయితే బిడ్డ పెద్దవారిలో సగం కాదు. నెలలు నిండని శిశువులకు క్లోరాంఫెనికాల్ యిచ్చినప్పుడు కడుపు ఉబ్బి, ఒళ్ళు బూడిదరంగుకు తిరిగి, పలువురు మరణించిన సంగతి 1959లో అమెరికాలోని లాస్ ఏంజలీసు వైద్యులు వెల్లడించినారు. పెద్దల టైఫాయిడును కుదిర్చిన మందే అది. పసికందు కాలేయానికి దానిని విరిచి బయటకు పంపే శక్తి యింకా రాలేదు. మందు రక్తంలో పేరుకొన్నది. నిమెసులైడ్ అనే జ్వరపు మందును కాలేయానికి హాని కలుగునన్న భయంతో మన ప్రభుత్వం 2011లో పన్నెండేండ్లలోపు పిల్లలకు నిషేధించినది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేండ్లలోపువారికి వాడరాదని ముద్రించవలసినదిగా 2023లో ఆదేశం వచ్చినది. పెద్దల జలుబు మాత్రలలో తరచు వుండేవి యీ రెండే. మొదటిది మత్తు కలిగిస్తుంది. ప్రోమెథజీన్ అయితే రెండేండ్లలోపు బిడ్డల శ్వాసనే అణచవచ్చును. కనుక ఆ బిడ్డ నిద్ర, జలుబు తగ్గినందుకు వచ్చిన నిద్ర కాకపోవచ్చును.

పిల్లలకని అనుమతి లేని మందును వైద్యుడు వ్రాయనే కూడదా? అదీ కాదు. అనేక మందులను పిల్లలలో పరీక్షించకుండానే బజారుకు తెచ్చినారు. పిల్లల వైద్యులకు ఒక్కొక్కప్పుడు వేరు దారి వుండదు. కాని వారు బిడ్డను తూచి, కిలోకు యిన్ని మిల్లీగ్రాములని లెక్కకట్టి, మళ్ళీ తీసుకురమ్మంటారు. పత్తి తూకంలో కిలో తేడా వస్తే దలాలీతో తగవుపడే మనం, బిడ్డను తూచకుండా మందు పోస్తున్నాము!

మందు పడి నిద్రపోయిన బిడ్డను లేపి చూడండి. పాలకు లేవకపోయినా, ఊపిరి మందగించినా, కళ్ళు పచ్చబడినా, ఒంటిపై దద్దురులు లేచినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోండి. మాత్రల అట్ట కూడా తీసుకుపోండి. డాక్టరుగారు కోప్పడతారని దాచే తల్లులున్నారు. కోప్పడనివ్వండి, మందు పేరు మాత్రం చెప్పండి. బిడ్డ కుదుటబడిన తరువాత, మందుల దుష్ఫలితాలను నమోదు చేయడానికి 2010లో ఏర్పడిన జాతీయ కార్యక్రమానికి ఆ సంగతి మీరే తెలుపవచ్చును. ఫోను నెంబరు 1800-180-3024. ఆ పిలుపుకు రుసుము లేదు.