పొగాకు - స్త్రీల గుండె



కోవిల్‌పట్టిలోను, విరుదునగరము జిల్లా సాత్తూరులోను అగ్గిపెట్టెల పనిలో స్త్రీలే హెచ్చు. ఆ పుల్లతో బీడీ ముట్టించువారు చాలవరకు పురుషులు. కావున గుండెపోటు మగవారి జబ్బని మనమనుకొందుము. తాంబూలములోని పొగాకు మాట మాత్రము మరతుము! 52 దేశములలో జరిగిన పరిశోధన ఫలితములు 2006లో వెలువడినవి. పొగాకు నమలువారికి గుండెపోటు ముప్పు, దానిని ముట్టనివారికన్న రెండింతలకు మించి యున్నదని తేలినది. ఇంటిలో ఇతరులు విడుచు పొగ పీల్చుటయు హానియే.

ముట్లుడిగిన పిమ్మట స్త్రీలకు ఈ ముప్పు పెరుగును. తగ్గిన హార్మోనులను మాత్రలతో భర్తీచేసినచో గుండె పదిలమని వైద్యులే కొంతకాలము తలచిరి. అమెరికాలో 16,608 మంది స్త్రీలతో జరుపుచుండిన పరీక్షను, మాత్రలు వాడినవారిలో రొమ్ము క్యాన్సరు, గుండెజబ్బు, పక్షవాతము హెచ్చుట చూచి 2002లో ఆపివేసిరి. ఒంటి ఆవిరులు దుర్భరమైనచో వైద్యుని సలహాపై ఆ మాత్రలు కొందరికి తగును. గుండెకు రక్షగా మాత్రము వాడదగవు. పొగాకు అలవాటును వైద్యుని యొద్ద దాచరాదు. సిగ్గుపడి దాచువారే మనలో ఎక్కువ.

ఎదనొప్పియే కాదు, దవడనొప్పి, వీపునొప్పి, ఆయాసము, చెమట, వాంతి కలిగినను వాయువని సోడా త్రాగి కూర్చుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను. వంట ముగియువరకు ఆగవలదు.