కంప్యూటరు చూపున్నోళ్ల సొత్తు కాదు

(మా మండలంలో వికలాంగుల, వాళ్ల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన తాతలను పలక ముట్టనియ్యలేదు. మనం కొట్లాడి పలక పట్టుకున్నాం. ఇయ్యాల పలక పోయి కంప్యూటరు వచ్చింది. మరి మన వాడలో చూపు లేని పిల్లకు, చెయ్యి ఆడని పిల్లగాడికి అది అందుతున్నదా?

మా బడిలో చూపు లేని అమ్మాయి పదో తరగతి చదివింది. పిల్లలంతా కంప్యూటరు గదిలోకి పోతే ఆమెను బయట మెట్ల మీద కూర్చోబెట్టారు. "నీకెందుకమ్మా ఇది" అన్నారు. అన్నది మాలాంటి పంతులే. మేం కూడా నోరు మూసుకున్నాం. ఎందుకంటే మాకూ తెల్వదు.

తర్వాత తెలుసుకున్నాం. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. పేరు ఎన్.వి.డి.ఎ. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ దాన్ని మొదలుపెట్టాడు. జేమ్స్ టే ఆయనకు తోడయ్యాడు. ఇద్దరికీ చూపు లేదు. అలాంటివి కొనాలంటే వేలకు వేలు పొయ్యాల్సిన రోజుల్లో వాళ్లు దాన్ని ఉచితంగా ఇచ్చారు. ఇప్పటికీ ఉచితమే. విండోస్ కంప్యూటర్లో ఎక్కించుకోవచ్చు, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెంట తీసుకుపోవచ్చు. తెలుగూ చదువుతుంది. గొంతు మరమనిషి గొంతులా ఉంటుంది గానీ వినగా వినగా చెవికి అలవాటవుతుంది.

ఒంటిచేత్తో పనిచేసేవాళ్లకు విండోస్‌లోనే దారి ఉంది. షిఫ్టు మీట ఐదుసార్లు కొట్టి, అది అడిగినదానికి సరేనంటే చాలు. రెండు మూడు మీటలు కలిపి నొక్కాల్సిన చోట ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లో చదివిపెట్టేదాని పేరు టాక్‌బ్యాక్.

సాఫ్ట్‌వేర్ ఉచితమైతే సరిపోదు. కంప్యూటరుండాలి, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోనుండాలి, పక్కన కూర్చుని నేర్పే మనిషుండాలి. ఇది ఎవరి దయా కాదు. 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 18 ఏళ్లదాకా పుస్తకాలు, తగిన పరికరాలు ఉచితంగా ఇవ్వాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతున్నది. సర్టిఫికెట్టు జతచేసి బడిలో, మండల విద్యాధికారి దగ్గర దరఖాస్తు పెట్టండి. నకలు మీద తారీఖు, ముద్ర వేయించుకోండి. ఒక్కరుగా పోవద్దు, పదిమంది కలిసి పోదాం.

మెట్ల మీద కూర్చున్న ఆ ఏడాదిని ఆ అమ్మాయికి మేం తిరిగి ఇయ్యలేం. ఇంకో పిల్ల ఆ మెట్ల మీద కూర్చోకుండా చూడటం మనందరి పని.

జై భీం!