యథాశక్తి: ఇంట రోగి ఉన్నప్పుడు పండుగ

(శరన్నవరాత్రులకు ముందు జరిగిన భక్తుల సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



మహాలయపక్షం ముగియవచ్చింది. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నాడు కలశస్థాపన. బూజులు దులపడం, ఇత్తడి సామాను చింతపండుతో తోమడం, పూజాద్రవ్యాల పట్టీ వ్రాసుకోవడం ఇప్పటికే మొదలై ఉంటాయి. ఈ రోజుల్లో నా వద్దకు వచ్చేవారు ముహూర్తం గురించి అడిగేది తక్కువ. "అత్తగారు మంచం మీద ఉన్నారండీ, కలశం పెట్టవచ్చునా?" "పిల్లవాడికి జ్వరం తగ్గలేదు, తొమ్మిది రోజులూ చేయలేకపోతే అమ్మవారికి కోపం వస్తుందా?" ఇటువంటి ప్రశ్నలే ఎక్కువ. అడిగేవారి కంఠంలో భయం వినిపిస్తుంది. ఆ భయాన్ని గురించే ఈనాడు నాలుగు మాటలు మనవి చేస్తాను.

పూజకు కూర్చున్న ప్రతివారూ సంకల్పంలో 'యథాశక్తి' అంటారు. రోజూ అనే మాట కనుక దాని అర్థం మీద మన దృష్టి నిలవదు. వ్యాకరణరీత్యా ఇది అవ్యయీభావ సమాసం. శక్తిని అతిక్రమించకుండా అని దీని విగ్రహార్థం. శక్తి ఉండి లోభం చేయరాదని ఒక వైపు, శక్తిని మించి పోరాదని మరొక వైపు, రెండూ అందులోనే ఉన్నాయి. మనం మొదటిదానినే జ్ఞాపకం పెట్టుకొని రెండవదానిని మరచిపోతున్నాము. ఇంట్లో రోగి ఉన్నప్పుడు గృహిణి శక్తిలో అధికభాగం ఆ సేవకే వ్యయమవుతుంది. అదీ ధర్మకార్యమే. మిగిలిన శక్తి ఎంతో, ఆనాటి పూజకు ప్రమాణం అంతే. అంతకు మించి చేస్తానంటే సంకల్పంలో పలికిన మాటకే విరుద్ధం.

శాస్త్రం రోగిని ఎంత దయతో చూచిందో గమనించండి. గృహస్థు అతిథికి పెట్టిన తరువాతనే తాను భుజించాలన్నది నియమం. అయితే కొత్తకోడళ్లకు, బాలికలకు, రోగులకు, గర్భిణులకు అతిథులకంటె ముందుగానే, సందేహించకుండా పెట్టమని మనుస్మృతి మూడవ అధ్యాయం చెబుతున్నది. కనుక మహానైవేద్యం కానిదే రోగికి గంజి పోయరాదన్న పట్టుదలకు ఆధారం లేదు. ఉపవాసం విషయంలోనూ అంతే. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువుగారి ఆజ్ఞ, ఔషధం అనే ఎనిమిదింటివల్ల వ్రతభంగం కాదని మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రునకు చెప్పాడు. వ్రతం పేరు చెప్పి మధుమేహం మాత్ర, రక్తపోటు మాత్ర మానివేసే పెద్దలు ఈ మాట ప్రత్యేకంగా వినవలెను. పూర్ణోపవాసం చేయలేనివారికి నక్తం ఉన్నది, ఏకభుక్తం ఉన్నది. వ్యాధి ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే వాటినైనా పట్టరాదు.

స్నానం లేదు కదా, దీపానికి ఎట్లా నమస్కరించను అని మంచం పట్టిన వృద్ధులు బాధపడుతుంటారు. స్నానాలు ఏడు విధాలని పెద్దలు చెప్పారు. నీళ్లతో చేసేది వాటిలో ఒకటి మాత్రమే. మంత్రస్నానం ఉన్నది, భస్మస్నానం ఉన్నది, భగవంతుని తలచుకోవడమే స్నానమైన మానసస్నానం ఉన్నది. తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, విభూతియో కుంకుమయో నుదుట పెట్టి, దేవీనామం చెవిలో వినిపిస్తే ఆ వృద్ధురాలు శుచియే. రోగం అశౌచం కాదు. జాతాశౌచ మృతాశౌచాలు వేరు, జ్వరం వేరు. రెంటినీ కలిపి కలతపడవద్దు.

తొమ్మిది రోజులు చేయలేనివారు చివరి మూడు రోజులు, అంటే సప్తమి, అష్టమి, నవమి చేయవచ్చును. అదీ సాధ్యం కాకుంటే ఒక్కరోజు. ఆరంభించిన వ్రతం మధ్యలో కర్త జబ్బుపడితే పుత్రుడో, భార్యయో, భర్తయో, సోదరుడో, పురోహితుడో ప్రతినిధిగా పూర్తిచేయవచ్చునని ధర్మశాస్త్ర నిబంధాలు అంగీకరించాయి. షోడశోపచారాలకు వీలులేనప్పుడు గంధం, పుష్పం, ధూపం, దీపం, నైవేద్యం అనే అయిదింటితో పూజ సంపూర్ణం. ఏదైనా ద్రవ్యం లభించకపోతే దానికి బదులు అక్షతలు సమర్పిస్తాము. ఇవి నేటివారి సౌకర్యం కోసం మేము కల్పించినవి కావు. సంసారంలో కష్టాలు ఎరిగిన పూర్వులు ముందే ఏర్పరచిన మార్గాలు.

మా తల్లిగారు పక్షవాతంతో మంచాన ఉన్న సంవత్సరం దసరాకు నేను పాఠశాల నుండి ఇంటికి వచ్చాను. అది మూలానక్షత్రం రోజు, సరస్వతీపూజ. మా తండ్రిగారు ఉదయమే అమ్మను లేపి దిండు ఆనించి కూర్చోబెట్టారు. కాళ్లు కడిగారు, చేతులు కడిగారు, నోరు పుక్కిలింపజేశారు. ఒళ్లు తుడిచి ఉతికిన చీర కట్టించారు. తల దువ్వి, బొట్టు పెట్టి, గంజి చెంచాతో పోశారు. ఆ తరువాత తాను తిరిగి స్నానం చేసి, పీట మీద కూర్చొని, అయిదు ఉపచారాలతో పూజ చేసి, బెల్లం ముక్క నివేదించి లేచారు. చూడవచ్చిన బంధువు ఒకాయన, "ఏమండీ, మీవంటి వైదికుల ఇంట సరస్వతీపూజ ఇంత క్లుప్తంగానా?" అన్నారు. నాన్నగారు, "పదహారూ అయినవి బావా. పదకొండు లోపల మంచం దగ్గర, అయిదు ఇక్కడ" అన్నారు. ఆసనం, పాద్యం, అర్ఘ్యం, ఆచమనీయం, స్నానం, వస్త్రం అని పుస్తకంలో వల్లెవేసిన పదాలకు ప్రయోగం నేను ఆనాడు చూచాను.

ఇక చిన్న చిన్న అవాంతరాలు. పండుగనాడే పాలు విరుగుతాయి. గ్యాస్ అయిపోతుంది. ఫ్యాను గాలికి దీపం కొండెక్కుతుంది. కొట్టిన కొబ్బరికాయ కుళ్లి ఉంటుంది. పిల్లల చేయి తగిలి కలశం ఒరుగుతుంది. రోగి ఉన్న ఇంట్లో ఇటువంటిది జరిగితే వెంటనే మనసు కీడు శంకిస్తుంది. దీపం ఆరితే గాలి కారణం, కాయ కుళ్లితే లోపల చేరిన తేమ కారణం. దీపాన్ని తిరిగి వెలిగించి దేవీనామం జపించండి. వేరొక కాయ కొట్టండి. కలశాన్ని సరిచేసి నమస్కరించండి. పూజ చివర మంత్రలోపానికి, క్రియాలోపానికి, భక్తిలోపానికి క్షమాపణ చెప్పుకొంటున్నాము కదా! లోపం జరుగుతుందని ఎరిగినందువల్లనే పెద్దలు ఆ ప్రార్థనను ప్రతి పూజలోను చేర్చారు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. దీపం ఆరినందుకు కోడలిని, కలశం ఒరిగినందుకు పిల్లను నిందించి, "నీవల్లనే ఇంటికి ఈ కష్టం" అనే మాట ఏ నోటా రాకూడదు. ఆరిన దీపాన్ని తిరిగి వెలిగించవచ్చును. ఆ మాట తగిలిన మనసు ఏళ్ల తరబడి కోలుకోదు. రాత్రంతా రోగి దగ్గర మేలుకొన్న స్త్రీ తెల్లవారి పిండివంటలు కూడా వండవలెనని ఏ శాస్త్రమూ విధించలేదు. గారెలు, చక్రపొంగలి, పులిహోర అన్నీ ఉండవలెనని లేదు, పండో పాలో చాలును. మామిడాకులు కట్టడం, పూలు తెచ్చుట, పాత్రలు కడుగుట పురుషులు చేయదగిన పనులే.

కొన్ని జాగ్రత్తలు. ఉబ్బసం ఉన్నవారి గదిలో సాంబ్రాణి పొగ, అగరువత్తులు వద్దు. ప్రాణవాయువు సిలిండరు పెట్టిన గదిలో దీపం, కర్పూరం అసలే పనికిరావు, ప్రమాదం. పూజ వేరొక గదిలో చేసి, అక్షతలు తెచ్చి రోగి శిరసున ఉంచండి. తీపి తినరాని వారు ప్రసాదాన్ని కళ్లకు అద్దుకొంటే చాలును. స్వస్థత కోసం మొక్కుకొన్నవారు రోగిని క్యూలలో నిలబెట్టవద్దు. కోలుకొన్న తరువాత తీర్చిన మొక్కు తీరనిది కాదు.

దాతలకు, యాత్రికులకు ఒక ప్రార్థన. ఈ పండుగకు మీ వీధిలో రోగి ఉన్న ఇల్లు ఏదో కనుగొనండి. మీరు వండినదానిలో ఒక గిన్నె అక్కడికి పంపండి. వీలైతే ఒక పూట రోగి దగ్గర కూర్చొని, ఆ ఇల్లాలిని ఒక గంట నిద్రపోనివ్వండి. ఆలయానికి మీరిచ్చే కానుకతో సమానంగా దానిని అమ్మవారు స్వీకరిస్తుందని నా విశ్వాసం.

వ్యాధితో ఉన్నవారికి ఆరోగ్యమును, వారిని సేవించేవారికి ఓర్పును, బలమును జగన్మాత ప్రసాదించుగాక. స్వస్తి.