క్రోధచికిత్స



కోపమును గూర్చి ప్రసంగింపుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఏండ్ల తరబడి బెత్తము చేతబట్టిన బడిపంతులనే యేల కోరిరో వారికే తెలియవలెను.

విషయచింతనతో మొదలై బుద్ధినాశమువలని వినాశముతో ముగియు సోపానక్రమము గీత రెండవ యధ్యాయమున కలదు. ఆ మెట్లలో ఎచ్చట కాలు నిలద్రొక్కుకొనవలెనో గృహస్థునకు అభ్యాసపూర్వకముగా నేర్పు పద్ధతి యొకటి యమెరికాదేశమున నేర్పడినది. 1955లో ఎల్లిస్ పండితుడును, 1960 తరువాత బెక్ వైద్యుడును దీనికి పునాది వేసిరి. 1975లో నొవాకో యనువాడు దానిని కోపమునకు అన్వయించి గ్రంథము వ్రాసెను.

పెండ్లిపందిటిలో వియ్యంకునికి కాఫీ యాలస్యమైనది. ఇది మూలము. "నన్ను లెక్కసేయలేదు" అనునది అతడు వ్రాసికొన్న వ్యాఖ్యానము. కోపము పుట్టినది వ్యాఖ్యానమునుండియే. మూలమును విడిచి దుర్వ్యాఖ్యకు తలయొగ్గు పండితులను మేము పెక్కండ్రను చూచితిమి.

2002లో అమెరికా ప్రభుత్వము ప్రకటించిన బోధనాగ్రంథము ననుసరించి ఎనమండుగురు, కొంచె మెచ్చుతగ్గుగా, ఒక గోష్ఠిగా కూడుదురు. వారమునకొక పర్యాయము, 90 నిమిషములు, 12 వారములు. ప్రతివాడును ఆ వారమున తన కోపము 1 మొదలు 10 వఱకు గల కొలతలో ఎంతదాక పోయినదో చెప్పవలెను. ఏమి జరిగెను? పండ్లు బిగిసినవా, గుండె దడదడలాడినదా? మనస్సున ఏ మాట మెదలెను? పది దాకుటకు ముందే ఆ తావు విడిచి పోవుట, శ్వాస నెమ్మదించుకొనుట, ఆ వ్యాఖ్యానమును ప్రశ్నించుట అచ్చట అభ్యసింతురు. కోపమును వెళ్లగ్రక్కిననే చల్లారునను లోకోక్తిని ఆ గ్రంథ మంగీకరింపదు. వెళ్లగ్రక్కుట అలవాటై ముదురును. గురువు చెప్పిన విననివానికి, తనవంటివాడే "నేనును అట్లే యనుకొంటిని" అన్నచో చెవి కెక్కును. గోష్ఠికి గొప్ప బల మిదియే.

ఇక మన యిండ్ల మాట. దెబ్బలు తిని పుట్టినింటికి వచ్చిన ఆడుబిడ్డను "సర్దుకొనిపొమ్మని" మరల పంపు పెద్దలు ఈ సభలోనే యున్నారు. భార్యపై చేయి చేసికొనువాడు అధికారి తిట్టినపుడు చేతులు కట్టుకొని నిలుచును గదా! అతనిది పట్టరాని కోప మనుట యెట్లు? ఆలు తన సొత్తను నహంకారమే అతని రోగము. దానికి ఈ గోష్ఠి యొక్కటే చాలదు. ఆమె రక్షణకు 2005వ సంవత్సరపు గృహహింసా నిరోధక చట్టము కలదు. భర్త గోష్ఠికి పోవుచున్నాడని ఆమెను తిరిగి పంపుట ఘోరము.

అయినను, పొలముగట్టుకొఱకు అన్నదమ్ములపై కఱ్ఱ లెత్తువారికి, పిల్లలను గొడ్లను బాదినట్లు బాదు తండ్రులకు, ఈ పద్ధతి తప్పక యక్కఱకు వచ్చును. మన విద్యార్థివసతిగృహమున ఆదివారము సాయంకాలము పెద్దగది ఖాళీగా నుండును. శిక్షణపొందిన మనస్తత్త్వవైద్యు నొకని పిలుచు వ్యయమును సభవారు భరింతురేని, కుర్చీలు వేయుట, హాజరుపట్టీ వ్రాయుట మేము చేయుదుము. ఆ పట్టీ యెవ్వరికిని, కార్యదర్శిగారికైనను, చూపము.