కంటిలోని సిర కదలిక: చూసే పద్ధతుల్లో తేడాలు

నేను డాక్టరును కాను, రిటైరైన గుమాస్తాను. కళ్ళ పరీక్షలకు తిరుగుతూ, అడిగి, చదివి తెలుసుకున్న ఒక్క సంగతి మనవి చేస్తాను.

దృష్టి నాడి కంటిలోకి చేరే చోటనే రెటీనా నుంచి సిర బయటికి పోతుంది. చాలామందిలో అది గుండె లయతో పాటు సన్నగా ముడుచుకుని తెరుచుకుంటూ ఉంటుంది. తలలోని ఒత్తిడి బాగా పెరిగితే ఈ కదలిక సాధారణంగా ఆగిపోతుంది. విడవని తలనొప్పితో, మసక చూపుతో వెళ్ళినవారిలో డాక్టర్లు దీనికోసం చూసేది అందుకే. అయితే చూసే పద్ధతిని బట్టి ఫలితం మారుతుంది.

డాక్టరు చేత్తో పట్టుకుని, మన ముఖానికి ముఖం ఆనేంత దగ్గరగా వచ్చి చూసే పరికరం ఒకటుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1851లో లోకానికి తెలిపిన ఆఫ్తాల్మోస్కోపు వంశంలోదే అది. (వెల్లుల్లి తిని వెళ్ళకండి, పాపం ఆయనా మనిషే!) లోపలి భాగాన్ని సుమారు 15 రెట్లు పెద్దదిగా చూపుతుంది. కానీ ఒంటి కంటితో చూడాలి, మనం కన్ను కదపకూడదు.

తలకు దీపం కట్టుకుని, చేతిలో లెన్సు పట్టి చూసే పద్ధతిలో రెటీనా విశాలంగా కనిపిస్తుంది. షుగరు ఉన్నవారికి అది అవసరమే. పెద్దదిగా చూపేది మాత్రం సుమారు 3 రెట్లే కనుక ఇంత చిన్న కదలిక తప్పిపోవచ్చు. గడ్డం ఆనించి కూర్చోబెట్టే స్లిట్ ల్యాంపు, దానితో చిన్న లెన్సు మన వయసువాళ్ళకు మేలని నా అభిప్రాయం. తల నిలకడగా ఉంటుంది, డాక్టరు రెండు కళ్ళతోనూ చూస్తారు. వీడియో తీస్తే మళ్ళీ మళ్ళీ వేసి చూడవచ్చు, సన్నని కదలికలు కూడా బయటపడతాయి. మామూలు ఫొటో దీనికి పనికిరాదు. నిలిచిన బొమ్మలో కదలిక ఎక్కడిది?

ఆఫీసులో మనం "ఫైలు దొరకలేదు" అని రాసేవాళ్ళం గాని "ఫైలు లేదు" అని రాసేవాళ్ళం కాదు. ఇక్కడా అంతే. ఆరోగ్యవంతుల్లోనూ నూటికి పది, ఇరవై మందిలో ఈ కదలిక కనిపించదు. శుక్లం ముదిరితే అసలు లోపలి భాగమే కనబడదు. కనుక చీటీలో "కనిపించలేదు" అని ఉంటే ఇంట్లోవాళ్ళు బెంబేలు పడకుండా, ఏ పద్ధతిలో చూశారో అడగాలి, పాత చీటీ చూపించాలి. ఇదివరకు స్పష్టంగా కనిపించినది ఇప్పుడు ఆగిపోయిందంటే మాత్రం తేలికగా తీసుకోకూడదు.

కదలిక కనిపించింది కదా అని, తలనొప్పి, వాంతులు ఉన్నా స్కానింగు మానుకోవటం కూడా తప్పే. తలలో ఒత్తిడి హెచ్చుతగ్గులవుతుంటుంది. తగ్గిన వేళ చూస్తే కదలిక ఉండనే ఉంటుంది.

పరీక్షకు కంటిలో చుక్కలు వేసే రోజున ఎవరినైనా తోడు తీసుకువెళ్ళండి. కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, ఒంటరిగా బస్సెక్కవద్దు. సెలవు.