ఎస్‌ఎస్‌డికీ మదర్‌బోర్డుకూ పొంతన
(నార్త్ కెరొలైనా, క్యారీలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పిల్లల పాటలకూ భోజనాలకూ మధ్య కంప్యూటరు మీద ప్రసంగం పెట్టారంటే, నిర్వాహకులకు నా మీద నమ్మకం ఎక్కువో మీ ఓపిక మీద నమ్మకం ఎక్కువో తెలియదు. పులిహోర చల్లారకముందే ముగిస్తాను.

మనం ఉంటున్నది కంప్యూటర్ల మీద బతికే ప్రాంతం. 1959లో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ మొదలైంది, 1965లో ఐబిఎమ్ అక్కడికి వస్తున్నట్లు ప్రకటించింది. ఆ ఐబిఎమ్ పర్సనల్ కంప్యూటర్ల వ్యాపారాన్ని 2005లో లెనోవో కొనుక్కుంది. లెనోవో అమెరికా కార్యాలయం మన పక్కనే మోరిస్‌విల్‌లో ఉంది. ఇంత ఉండి కూడా మన ఇళ్ళలో కోడు రాసేవాళ్ళు ముగ్గురుంటే, కంప్యూటరు డబ్బా మూత విప్పి చూసినవాళ్ళు ఒక్కరుండరు. సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం మన శాఖ కాదనుకుంటాం!

ఇప్పుడు ఈ విషయం ఎందుకంటారా? 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. అప్పటి నుంచి చాలా ఇళ్ళలో ఒకటే మాట: "ఈ పాత డెస్క్‌టాప్ పారేద్దామా, లేక కొత్త ఎస్‌ఎస్‌డి వేసి ఇంకొన్నాళ్ళు నడుపుదామా?" ఆ పాత డబ్బాలో ఏమున్నాయో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. పిల్లల అన్నప్రాశన ఫొటోలు, నాన్నగారి షష్టిపూర్తి వీడియో, ఇండియాలో ఇల్లు కొన్నప్పుడు స్కాన్ చేసిన కాగితాలు. చాలామందికి వీటికి రెండో కాపీ లేదు. అందుకే తొందరపడి పారేయకూడదు, తొందరపడి ఏదో ఒక డ్రైవు కొని బిగించకూడదు.

ఒక మాట ముందే చెప్పాలి. ఎస్‌ఎస్‌డి వేసినంత మాత్రాన విండోస్ 11 రాదు. దానికి టీపీఎమ్ 2.0 కావాలి, ప్రాసెసరు మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలో ఉండాలి. ఇంటెల్‌లో ఆ జాబితా దాదాపుగా 8వ తరం నుంచి మొదలవుతుంది. మీ యంత్రం అంతకంటే పాతదైతే లినక్స్ వేసుకుని పిల్లల హోంవర్కుకు వాడుకోవచ్చు. అప్పుడు కూడా ఎస్‌ఎస్‌డి దానికి కొత్త ప్రాణం పోస్తుంది.

ఇక అసలు సంగతి. పెళ్ళి సంబంధానికి జాతకాల పొంతన చూస్తాం కదా, ఎస్‌ఎస్‌డికీ మదర్‌బోర్డుకూ అలాగే చూడాలి. ఇక్కడ చూడవలసినవి మూడు. డ్రైవు స్లాట్‌లో పడుతుందా? పడ్డాక రెండూ ఒకే భాష మాట్లాడతాయా? మాట్లాడినా దాని మీంచి కంప్యూటరు లేస్తుందా? మనవాళ్ళు మొదటిది చూసి ముహూర్తం పెట్టేస్తారు. డబ్బు పోయేది మిగతా రెండింటి దగ్గర.

అందరికీ తేలికైనది సాటా రకం. రెండున్నర అంగుళాల పెట్టె, ఒక డేటా కేబులు, ఒక పవర్ కేబులు. గత పదిహేనేళ్ళలో కొన్న డెస్క్‌టాప్ ఏదైనా దాదాపుగా దీన్ని స్వీకరిస్తుంది. వేగం సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది. బోర్డు మరీ పాతదై సాటా 2 మాత్రమే ఉంటే అందులో సగమే వస్తుంది. అయినా తిరిగే హార్డ్‌డిస్క్ నుంచి దీనికి మారితే తేడా ఇంట్లో అమ్మమ్మకు కూడా తెలుస్తుంది. సాటా నుంచి ఎన్‌విఎమ్‌ఈకి మారితే ఈమెయిలు, బ్యాంకు పనులు, యూట్యూబ్ చూసుకునేవాళ్ళకు పెద్దగా తెలియదు. పాత యంత్రానికి సాటాయే చాలునని నా అభిప్రాయం. సేల్స్ కుర్రాడు ఏం చెప్పినా సరే!

చిక్కంతా ఎమ్.2 దగ్గర వస్తుంది. చూయింగ్ గమ్ బిళ్ళలా ఉండే ఈ డ్రైవు బోర్డు మీదే పడుకుంటుంది. ఎమ్.2 అనేది ఆకారం పేరు మాత్రమే, భాష పేరు కాదు. ఆ ఒకే ఆకారంలో సాటా మాట్లాడేవీ ఉన్నాయి, ఎన్‌విఎమ్‌ఈ మాట్లాడేవీ ఉన్నాయి. స్లాట్లలో కొన్నిటికి రెండూ వచ్చు, కొన్నిటికి ఒకటే వచ్చు. డ్రైవు అంచున ఒక గంటు ఉంటే సాధారణంగా ఎన్‌విఎమ్‌ఈ, రెండు గంట్లుంటే ఎక్కువగా సాటా. కానీ రెండు గంట్ల డ్రైవు ఎన్‌విఎమ్‌ఈ మాత్రమే తెలిసిన స్లాట్‌లోకి కూడా హాయిగా దిగిపోతుంది. స్క్రూ బిగుస్తుంది, మూత పడుతుంది, కంప్యూటరు మాత్రం దాన్ని గుర్తించదు. డ్రైవు చెడిపోయిందనుకుని తిరిగి పంపించేస్తారు. పాపం, దాని తప్పేమీ లేదు. వైఫై కార్డు కోసం ఇచ్చిన చిన్న స్లాట్‌ను చూసి ఎమ్.2 ఉందని సంబరపడేవాళ్ళూ ఉన్నారు. అందులో గంటు వేరే చోట ఉంటుంది, ఎస్‌ఎస్‌డి అసలు దిగదు.

పొడవు కూడా చూసుకోవాలి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. డెస్క్‌టాప్‌లకు ఎక్కువగా ఇదే. కొన్ని కంపెనీ డబ్బాల్లో 2242 కూడా ఉంటుంది. డ్రైవు చివర బిగించే చిన్న స్క్రూ, అది దిగే ఇత్తడి పోస్టు ఉన్నాయో లేవో ముందే చూడండి. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఆ స్క్రూ క్యారీలో దొరకదు.

ఇవన్నీ ఎక్కడ రాసి ఉంటాయి? మదర్‌బోర్డు మాన్యువల్‌లో. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే 'బేస్‌బోర్డ్ ప్రోడక్ట్' అనే వరుసలో బోర్డు మోడల్ కనిపిస్తుంది. డెల్, హెచ్‌పి, లెనోవో లాంటి కంపెనీ కంప్యూటరైతే వెనక అంటించిన సీరియల్ నంబరు కొడితే వాళ్ళ సైటులోనే మాన్యువల్ దొరుకుతుంది. అందులో స్టోరేజ్ పేజీ కింద చిన్న అక్షరాల్లో ఉన్న నోట్లు తప్పకుండా చదవండి. "ఈ ఎమ్.2 స్లాట్ వాడితే ఫలానా సాటా పోర్టు పనిచేయదు" అని అక్కడే రాస్తారు. అది చదవకుండా కొత్త డ్రైవు పెడితే, పాత ఫొటోల హార్డ్‌డిస్క్ మాయమైనట్లు కనిపించి గుండె జారిపోతుంది. కేబులు వేరే పోర్టుకు మారిస్తే మళ్ళీ వస్తుంది, కంగారు పడకండి. ఇంకో రకం నోటు కూడా ఉంటుంది. ఇంటెల్ జెడ్590 బోర్డుల్లో ప్రాసెసరుకు నేరుగా కలిసే ఎమ్.2 స్లాట్ 11వ తరం ప్రాసెసరు ఉంటేనే పనిచేస్తుంది, 10వ తరం పెడితే ఖాళీ గూడే.

వేగాల తేడాకు భయపడక్కర్లేదు. నాలుగో తరం డ్రైవును మూడో తరం స్లాట్‌లో పెట్టినా పనిచేస్తుంది. సెకనుకు 7,000 మెగాబైట్లు రావలసిన చోట 3,500 వస్తుంది, అంతే. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ వేగం తీసుకోవడం ఎందుకన్నదే ప్రశ్న.

ఇక మూడోది, కంప్యూటరు లేవడం. ఇంటెల్ 9 సిరీస్ చిప్‌సెట్లతో 2014లో ఎమ్.2 డెస్క్‌టాప్‌లలోకి బాగా వచ్చింది. అంతకు ముందరి బోర్డుకు పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో అడాప్టర్ కార్డు పెట్టి ఎన్‌విఎమ్‌ఈ తగిలిస్తే, విండోస్ దాన్ని చూస్తుంది, ఫైళ్ళు దాచుకోనిస్తుంది. కానీ చాలా బోర్డుల బయాస్‌కు దాని మీంచి బూట్ చేయడం తెలియదు. కొన్నిటికి కంపెనీ ఇచ్చిన బయాస్ అప్‌డేట్‌తో ఆ విద్య వస్తుంది. అది ఉందో లేదో డ్రైవు కొనకముందే చూసుకోవాలి. పొరపాటున పొంతన కుదరని డ్రైవు ఇంట్లో ఉందా? సరిపోయే యుఎస్‌బి పెట్టె ఒకటి కొని అందులో పెడితే బయటి డ్రైవుగా పనికొస్తుంది.

అలాగని ఫొటోలన్నీ అందులో వేసి విజయవాడ ఇంట్లో బీరువాలో దాచి రాకండి. కరెంటు తగలకుండా ఉన్న ఎస్‌ఎస్‌డిలో డేటా ఎల్లకాలం నిలవదు. జెడెక్ ప్రమాణం ప్రకారం, రాతల పరిమితి అంతా వాడేసిన ఇంటి రకం డ్రైవు 30 డిగ్రీల వేడిలో ఒక సంవత్సరం డేటా నిలబెడితే చాలు. కొత్త డ్రైవు అంతకంటే ఎక్కువే నిలబెడుతుంది గానీ, మన విజయవాడ వేసవి 30 దగ్గర ఆగదు కదా! దాచుకునే కాపీకి హార్డ్‌డిస్కే మేలు. క్లోన్ చేసిన తర్వాత కూడా పాత డిస్కును వెంటనే చెరపకండి. ఫొటోలు నాలుగైదు ఫోల్డర్లలో తెరిచి చూసి, రెండో కాపీ తీసి, అప్పుడు ఆలోచించండి.

పొంతన ఎలాగూ కుదరని యంత్రమైతే చెత్తబుట్టలో వేయకూడదు. 2011 జులై నుంచి మన రాష్ట్రంలో కంప్యూటర్లను ల్యాండ్‌ఫిల్‌కు పంపడం నిషేధం. డర్హమ్‌లో క్రామ్డెన్ ఇన్‌స్టిట్యూట్ అని ఉంది. 2003లో మొదలైంది. విరాళంగా వచ్చిన కంప్యూటర్లను బాగుచేసి, ఇంట్లో కంప్యూటరు లేని పిల్లలకు ఇస్తుంది. మీకు పాతదనిపించినది వాళ్ళ చేతిలో మళ్ళీ నడవచ్చు. ఇచ్చేముందు మీ డ్రైవు మీరు తీసి ఉంచుకోండి.

వెనక నుంచి సమయం అయిందని సైగ చేస్తున్నారు. బోర్డు మోడల్ రాసి తెచ్చుకున్నవాళ్ళు భోజనాల దగ్గర కనిపించండి, ఫోనులో మాన్యువల్ తెరిచి కలిసి చూద్దాం.