మొలిచే గింజ, మొలవని గింజ

 

ఈ రోజు గుమ్మడి గింజ గురించి మాట్లాడుకుందాం. ఇంత చిన్న గింజ మీద ఇంత మాటేమిటి అనుకోకండి. తొలకరికి పెరటిలో పది గింజలు పెడతాం. రెండే మొలుస్తాయి. నేల మంచిది కాదంటాం. పెట్టిన చెయ్యి మంచిది కాదంటాం. మళ్ళీ గింజలు అడిగి తెచ్చి పెట్టేసరికి పదిహేను రోజులు పోతాయి, అదను దాటుతుంది. ఆ ఏడు గుమ్మడికాయ కూడా సంతలో కొనుక్కోవాల్సిందే. చాలాసార్లు లోపం నేలలో ఉండదు. నిరుడు మనం దాచిన గింజలోనే ఉంటుంది.

గింజ ఎలా తయారవుతుందో చూడండి. గుమ్మడి తీగకు రెండు రకాల పూలు పూస్తాయి. మగపువ్వుకు సన్నని పొడుగు కాడ ఉంటుంది. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. మొదట కొన్నాళ్ళు మగపూలే పూస్తాయి. "పూస్తోంది గానీ కాయడం లేదే" అని బెంగపడి తీగ పీకేయకండి.

పువ్వు తెల్లవారుజామునే విచ్చుకుంటుంది. పొద్దు బాగా ఎక్కేసరికి ముడుచుకుంటుంది. ఆ కాసేపట్లోనే తేనెటీగ మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేర్చాలి. లోపల ఎన్ని గింజలు కట్టాలో అన్ని పుప్పొడి రేణువులు కావాలి. పుప్పొడి చాలకపోతే పిందె రాలిపోతుంది, లేదా కాయ వంకర తిరుగుతుంది. అందుకే పూత రోజుల్లో పొద్దున్నే పురుగుమందు కొట్టకూడదు. తేనెటీగ చచ్చిపోతే కాయ లేదు, గింజా లేదు. సంక్రాంతి నెలలో గొబ్బెమ్మల మీదికి గుమ్మడిపూలు కోస్తాం కదా! మగపూలే కోయండి. వాటిలోనూ కొన్ని తీగకు ఉంచండి. పిందె ఉన్న పువ్వు జోలికి పిల్లల్ని పోనివ్వకండి.

ఇక అసలు సంగతి. కాయలో గింజ పైపెంకు ముందు పెరుగుతుంది. లోపలి పప్పు తరవాత నెమ్మదిగా నిండుతుంది. లేత కాయ కోసి చూస్తే గింజ పెద్దగానే కనిపిస్తుంది. ఒలిస్తే లోపల పల్చని పొర తప్ప ఏమీ ఉండదు. వడ్లలో తాలు ఉన్నట్టే ఇదీ తాలు. దాన్ని ఎంత మంచి నేలలో పెట్టినా మొలవదు. విత్తనానికి ఉంచే కాయ, పువ్వు కట్టిన నాటి నుంచి 45 నుంచి 60 రోజులు తీగ మీదే ఉండాలి. తొడిమ ఎండి గట్టిపడాలి. తోలు మీద గోరు గుచ్చితే దిగకూడదు.

కోసిన రోజే పగలగొట్టకండి. రెండు మూడు వారాలు నీడన ఉంచితే గింజ ఇంకా ముదురుతుంది. అలాగని నెలల తరబడి అటక మీద మరిచిపోతే, కొన్ని కాయల్లో గింజలు లోపలే మొలకెత్తుతాయి. అవి దాచడానికి పనికిరావు. ఆడవాళ్ళు గుమ్మడికాయ పగలగొట్టకూడదని కొన్ని ఊళ్ళలో మగవాళ్ళ చేత కొట్టిస్తారు. కొట్టించండి, మంచిదే. ఎప్పుడు కొట్టాలో చెప్పే మాట మాత్రం మీదై ఉండాలి.

అమెరికాలో, కెనడాలో గుమ్మడికాయల పోటీలు జరుగుతాయి. 2023లో కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బే అనే ఊళ్ళో ఒక కాయను తూస్తే 1,247 కిలోలు తూగింది. 50 కిలోల బియ్యం బస్తాలు ఇంచుమించు 25 అన్నమాట! అది మన తీపి గుమ్మడి కాదు, దానికి చుట్టం. అంత కాయ కోసం వాళ్ళు మామూలుగా తీగకు ఒక్క కాయే ఉంచుతారు. ముందు రోజు సాయంత్రమే ఆడపువ్వును కట్టేస్తారు. పొద్దున విప్పి, తాము కోరిన మగపువ్వు పుప్పొడిని చేత్తో అద్దుతారు. అందుకే ప్రతి గింజకూ తల్లి ఎవరో తండ్రి ఎవరో వాళ్ళకు తెలుసు. ఆ పోటీలవాళ్ళకూ గింజ బెంగ ఉంది. కాయ ఎంత పెద్దదైనా లోపల నిండు గింజలు తక్కువే ఉండొచ్చు. కాయ కుళ్ళితే అవీ పాడవుతాయి.

మరో మాట. పొట్లం మీద "హైబ్రిడ్" అని ఉంటే ఆ కాయ గింజలు దాచకండి. మొలుస్తాయి గానీ తల్లిలాగే కాస్తాయని నమ్మకం లేదు. కూర చేదుగా ఉంటే తినకండి, దాని గింజా పెట్టకండి. పక్కన బూడిద గుమ్మడి ఉంటే భయం లేదు. రెండూ కలవవు.

గింజలు తీసి, గుజ్జు పోయేలా కడిగి, చేటలో పలచగా పరిచి నీడన ఆరబెట్టండి. మిట్టమధ్యాహ్నం ఎండ వద్దు. నీళ్ళలో తేలినదల్లా తాలు అనుకోకండి. వడ్లకు ఆ పరీక్ష సరిపోతుంది గానీ మంచి గుమ్మడి గింజ కూడా తేలుతుంది. వేళ్ళతో నొక్కి చూడండి. నిండుగా ఉన్నవి ఉంచండి, చప్పిడివి తీసేయండి. బాగా ఆరిన గింజ వంచితే వంగదు, పుటుక్కున విరుగుతుంది. అప్పుడు పొడి సీసాలో వేసి మూత బిగించండి. చెమ్మ తగలకుండా చల్లని చోట ఉంచితే నాలుగేళ్ళ దాకా మొలుస్తాయి. చెమ్మ తగిలితే ఏడాదికే పోతాయి.

పెట్టేముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టండి. గుడ్డ ఆరిపోనివ్వకండి. వారం తరవాత విప్పి లెక్కపెట్టండి. ఎనిమిది మొలిస్తే పాదుకు రెండు గింజలు చాలు. అయిదే మొలిస్తే పాదుకు నాలుగు పెట్టండి. మూడుకు తగ్గితే వేరే విత్తనం చూసుకోండి. మన దేశంలో ధ్రువీకరించిన గుమ్మడి విత్తనం నూటికి 60 అయినా మొలవాలని నియమం.

పోటీలవాళ్ళు గింజల పొట్లం మీద కాయ బరువు, పండించినవారి పేరు, ఏడాది రాస్తారు. మీకు ఇప్పుడు రాయడం వచ్చు కదా! చిన్న చీటీ మీద కాయ ఎవరి పెరటిదో, ఏ నెలలో కోశారో, పదికి ఎన్ని మొలిచాయో రాయండి. చీటీని సీసా లోపలే వేయండి. బయట అంటిస్తే వానాకాలానికి ఊడిపోతుంది.